ధర నిర్ణయించేవారిదే బాధ్యత

(కార్మిక చట్టాల అమలుపై హైదరాబాద్‌లో జరిగిన ఒక సభలో కార్మికుల తరఫు న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, పని రోజైనా తీరిక చేసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

స్వెట్‌షాప్‌ల గురించి, అంటే చాలీచాలని కూలీకి గొడ్డుచాకిరీ చేయించే పని చోట్ల గురించి, వాటిని ఎదుర్కొనే మార్గాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ మాట వినగానే మనలో చాలామందికి ఢాకాలోని బట్టల ఫ్యాక్టరీలు గుర్తుకొస్తాయి. ఢాకా దాకా నేనూ వెళ్తాను కానీ, మొదలుపెట్టడం మాత్రం పాతబస్తీ నుంచే. 2015 జనవరిలో హైదరాబాద్ పోలీసులు భవానీనగర్, తలాబ్‌కట్ట ప్రాంతాల్లో సోదాలు జరిపి, గాజుల కార్ఖానాల్లో పనిచేస్తున్న 200 మందికి పైగా పిల్లలను బయటికి తీసుకొచ్చారు. వారిలో అత్యధికులు బిహార్ పిల్లలు. తల్లిదండ్రుల చేతిలో కొద్దిపాటి బయానా పెట్టి, పని నేర్పిస్తామని, నెలనెలా డబ్బు పంపిస్తామని నమ్మబలికి తీసుకొచ్చిన పిల్లలు. గాలి ఆడని ఇరుకు గదుల్లో పొద్దున మొదలైన పని రాత్రి పొద్దుపోయేదాకా సాగేది. తిండీ నిద్రా కూడా అక్కడే.

ఆ వార్త చదివి నగరమంతా నొచ్చుకుంది. కార్ఖానాలు నడుపుతున్నవారిని అరెస్టు చేశారు, పిల్లలను సొంతూళ్లకు పంపించారు. ఆ తర్వాత కూడా ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు, కార్మిక శాఖ, బాలల సంక్షేమ సమితులు కలిసి పిల్లలను విడిపిస్తూనే ఉన్నాయి. ఆ సిబ్బంది శ్రమను నేను తక్కువ చేయను. అయితే ప్రతి ఏడూ విడిపించడానికి పిల్లలు మళ్లీ మళ్లీ దొరుకుతున్నారంటే, తాళం వేయవలసిన చోటు ఇంకెక్కడో ఉందని అర్థం. ఆ గాజులకు ఆర్డర్ ఇచ్చిందెవరు? సెట్టుకు ఇంత అని ధర ఖరారు చేసిందెవరు? ఇంత తక్కువ ధరకు ఈ పని ఎలా అవుతుందో ఆయనకు తెలియదా? ఈ ప్రశ్నలు అడగకుండా ఎన్ని కార్ఖానాలు మూయించినా, పక్క గల్లీలో ఇంకొకటి తెరుచుకుంటుంది. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే: సరుకు ధరను ఎవరు నిర్ణయిస్తారో, ఆ సరుకు చేసిన మనిషి కూలీకీ ప్రాణానికీ వారినే చట్టం ముందు జవాబుదారీ చేయాలి.

లక్క గాజు ఎలా తయారవుతుందో చూసినవారికి ఈ గొలుసు సులభంగా అర్థమవుతుంది. లక్కను బొగ్గుల కుంపటిపై మెత్తబరుస్తారు, కడ్డీలా సాగదీస్తారు, గుండ్రంగా వంచి కొలతకు సరిచేస్తారు. ఆ తర్వాతిది అసలు పని. సన్నని రాళ్లను, అద్దాల ముక్కలను ఒక్కొక్కటిగా పుల్ల కొసతో తీసి, వరుస తప్పకుండా గాజులోకి అద్దాలి. కేసు పని మీద నేను చూసిన గదుల్లో ఒకదానికి ఉన్న ఒక్క కిటికీకీ రేకు కొట్టేశారు. బల్బు నేలకు జానెడు ఎత్తులో వేలాడుతోంది, ఎందుకంటే రాళ్లు కనిపించాలంటే వెలుగు కిందనే ఉండాలి. దాని చుట్టూ వంగి కూర్చుంటే పగలేదో రాత్రేదో తెలియదు. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి ఈ పని వారికే వస్తుందని కార్ఖానాదార్లు చెబుతుంటారు. ఇది పచ్చి అబద్ధం. లాడ్‌బజార్‌లో గొప్పగా చెప్పుకునే సెట్లు చేసేది ఏళ్ల అనుభవమున్న పెద్ద కారీగర్లే. పిల్లలను పెట్టుకోవడానికి కారణం వేళ్లు కావు, వాళ్లు కూలీ అడగరు, పారిపోవడానికి దారి తెలియదు, అంతే.

ఇక లెక్క చూద్దాం. ఇది కేవలం ఉదాహరణకు చెబుతున్న లెక్క. హోల్‌సేల్ వ్యాపారి కార్ఖానాదారుకు సెట్టుకు 40 రూపాయలు ఇస్తాడనుకోండి. లక్క, రాళ్లు, బొగ్గు, గది అద్దె, కరెంటు కలిపి 28 రూపాయలు పోతాయనుకోండి. మిగిలేది 12. పెద్దవాడైన కారీగరుకు కనీస వేతనం లెక్కన ఇస్తే ఆ సెట్టు మీద 20 రూపాయల కూలీ పడుతుందనుకుంటే, కార్ఖానాదారుకు తన లాభం మాట అటుంచి 8 రూపాయల లోటు. ఆ లోటు పూడ్చడానికి మూడే దారులు: పని మానేయడం, వ్యాపారిని గట్టిగా అడగడం, లేదా కూలీ ఇవ్వనక్కరలేని మనిషిని తెచ్చుకోవడం. అడిగితే ఆర్డర్ ఇంకొకరికి పోతుంది. కాబట్టి మూడో దారి ధర నిర్ణయమైన రోజునే ఖాయమైపోయింది. కార్ఖానాదారు చేసిన నేరాన్ని నేను మాఫీ చేయడం లేదు, అతను జైలుకు వెళ్లవలసిందే. అతను కూడా చాలాసార్లు ఒకప్పుడు అదే జిల్లా నుంచి అదే రైలెక్కి వచ్చిన పిల్లవాడే. లక్కా రాళ్లూ వ్యాపారి దగ్గరే అప్పు మీద తెచ్చుకుంటాడు. అతన్ని పట్టుకుని చేతులు దులుపుకుంటే వ్యాపారికి పోయేదేమీ లేదు, ఒక అడ్రసు మారుతుంది.

ఇక్కడ చట్టం ఏమీ లేకపోలేదు. తెలంగాణకు ఈ చరిత్ర కొత్తది కాదు. అప్పు పేరుతో మనిషిని జీతానికి కట్టిపడేసే భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లోనే ఒక రెగ్యులేషన్ తెచ్చింది. పల్లెల్లో వెట్టి ఆ కాగితంతో పోలేదు, దానికి తర్వాత ఎంత పోరాటం కావలసివచ్చిందో మీకు తెలుసు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని, 24వ అధికరణం ఫ్యాక్టరీల్లో, ప్రమాదకరమైన పనుల్లో 14 ఏళ్లలోపు పిల్లలను పెట్టుకోవడాన్ని నిషేధించాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక పెద్ద మాట చెప్పింది: కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని ఏదైనా 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయే. సంకెళ్లు వేయనక్కర్లేదు, గొళ్లెం పెట్టనక్కర్లేదు, ఆకలి చేసే బలవంతమూ బలవంతమేనని దాని సారాంశం. ఈ తీర్పును అక్షరాలా అమలుచేస్తే ఈ నగరంలో ఎన్ని పని చోట్లు వెట్టి కిందికి వస్తాయో మీరే ఊహించుకోండి.

1976 చట్టం కింద విడుదలైన మనిషికి ఒక కాగితం ముఖ్యం, అదే విడుదల పత్రం. జిల్లా కలెక్టరు గానీ, ఆ అధికారం ఉన్న ఆర్డీవో గానీ విచారణ జరిపి, ఇతను వెట్టిలో ఉన్నాడు, ఇతని బాకీ రద్దయింది అని రాసిచ్చేది. ఆ పత్రం ఉంటేనే పునరావాస సహాయం. కేంద్రం 2016లో తెచ్చిన పథకం ప్రకారం పురుషులకు లక్ష, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ వంటి తీవ్రమైన సందర్భాల్లో మూడు లక్షల రూపాయల సహాయం అందాలి. చూడడానికి బాగుంది. చిక్కు ఏమిటంటే, తక్షణ సహాయంగా ఇచ్చే కొద్ది మొత్తం పోగా, మిగతా పెద్ద మొత్తాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. కోర్టుల్లో కేసు ఎన్నేళ్లు నడుస్తుందో న్యాయవాదిగా నేను చెప్పనక్కర్లేదు. సాక్షి బిహార్‌లోని గయలో, కేసు ఇక్కడ నాంపల్లి కోర్టులో. పన్నెండేళ్ల వయసులో విడుదలైన పిల్లవాడు మీసాలొచ్చాక కోర్టుకొచ్చి, ఆ గదిలో తనను కొట్టిందెవరో గుర్తుపట్టాలి. అప్పటిదాకా ఆ రెండు లక్షలు కాగితం మీదనే. ఈలోగా ఇంట్లో బాకీ వడ్డీతో పెరుగుతుంది, ఇంకో బయానా వస్తుంది, ఆ కుర్రవాడే కాకపోతే అతని తమ్ముడు ఇంకో నగరానికి రైలెక్కుతాడు. నేరం రుజువైనా కాకపోయినా బాధితుడికి సహాయం అందాలి. శిక్ష యజమానికి, సహాయం పనివాడికి, ఈ రెండింటికీ ముడి తెంచడం మనం వెంటనే అడగవలసిన విషయం.

పిల్లల మాట వచ్చింది కనుక ఒక మంచి ఉదాహరణ కూడా మన పక్కనే ఉందని చెప్పాలి. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో పని మొదలుపెట్టినప్పుడు, ప్రమాదకరమైన పనిలో ఉన్న పిల్లలు, ప్రమాదం లేని పనిలో ఉన్న పిల్లలు అనే తేడా చూపలేదు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వారి సూత్రం. పనిలోంచి తీసిన పిల్లలను తిన్నగా ఒకటో తరగతిలో కూర్చోబెడితే నిలవరు కాబట్టి, వారధి శిబిరాల్లో కొన్ని నెలలు ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి పంపారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ సూత్రానికి పూర్తి విరుద్ధమైన సందు ఒకటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో మిగిలిపోయింది. 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని అన్ని రంగాల్లో నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత కుటుంబ సంస్థల్లో సాయం చేయవచ్చని చట్టం అంది. కార్ఖానాదారుకు ఇంతకన్నా ఏం కావాలి? గదిలో ఉన్న ప్రతి పిల్లవాడూ అతని అక్క కొడుకో చెల్లెలి కొడుకో అవుతాడు.

ఇప్పుడు ఇళ్లలోకి వెళ్దాం. పోలీసు సోదాలకు దొరకని స్వెట్‌షాప్ అక్కడుంది. అమీర్‌పేట, కూకట్‌పల్లి బొటిక్‌లలో పెళ్లి జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించుకోని ఇల్లు మధ్యతరగతిలో అరుదు. బొటిక్ యజమానురాలు డిజైన్ ఎంచి ఇస్తారు, మధ్యలో ఒక మేస్త్రీ గుడ్డను తీసుకెళ్తాడు, అది ఎక్కడో ఒక ఇరుకు గదిలో కర్రల చట్రానికి బిగించుకుని నలుగురు ఆరి సూదితో రాత్రింబవళ్లు కుడతారు. పూసలు, చమ్కీలు కుట్టే చిన్న పని అయితే ఇళ్లలోని ఆడవాళ్లకు పీసు లెక్కన వెళ్తుంది. వాళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. వారెవరికి పనిచేస్తున్నారో వారికే తెలియదు. పీసు రేటు మీద పనిచేసేవారికి కనీస వేతనం వర్తించదని మేస్త్రీలు ధైర్యంగా చెబుతుంటారు. చట్టం చెప్పేది దానికి సరిగ్గా తలకిందులు: పీసు లెక్కన చేసినా, రోజు మొత్తంలో చేతికొచ్చేది ఆ పనికి నిర్ణయించిన కనీస రోజు కూలీ కన్నా తగ్గకూడదు. 1948 కనీస వేతనాల చట్టంలో ఈ రక్షణ ఉండేది, దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది.

ఇంట్లో చేసే పనిని చట్టం పట్టుకోలేదు, అది ఎవరికీ చేతకాదు అనే వాదన తరచూ వింటాం. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు వెళ్లిరండి. బీడీలు చుట్టేది ఇళ్లలోని ఆడవాళ్లే. కంపెనీకి మధ్యవర్తి అయిన టేకేదారు పొద్దున తునికాకు, తంబాకు తూచి ఇస్తాడు, చుట్టిన కట్టలు తెచ్చి అప్పజెబితే ఛాట్ అని, అంటే బాగాలేవని కొన్ని తీసిపారేస్తాడు, వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క కడతాడు. మోసం అక్కడా ఉంది, ఆకు తక్కువ తూచడం దగ్గర మొదలై ఛాట్ దగ్గర ముగుస్తుంది. అయినా ఆ తల్లి చేతిలో గుర్తింపు కార్డుంది, పీఎఫ్ నంబరుంది, కార్డు చూపించి అడిగే సంఘముంది. 1966 బీడీ కార్మికుల చట్టం, ముడిసరుకు తీసుకుని ఇంట్లో పనిచేసేవారు కూడా కార్మికులేనని చెప్పింది, టేకేదారు వెనకున్న అసలు కంపెనీని ప్రధాన యజమానిగా గుర్తించింది. బీడీ కంపెనీలు ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1974లో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. రాష్ట్రం వచ్చాక బీడీ కార్మికులకు పింఛను ఇవ్వాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు లబ్ధిదారులను గుర్తించగలిగిందంటే, ఆ పీఎఫ్ నంబర్లు ఉండబట్టే. నిజామాబాద్‌లో సాధ్యమైంది తలాబ్‌కట్టలో ఎందుకు సాధ్యం కాదు? ఇంటి దగ్గర పనిచేసేవారి కోసం 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దాన్ని ఇంతవరకు ధ్రువీకరించలేదు. ధ్రువీకరించేవరకు ఆగనవసరం లేదు, మన దగ్గరే నమూనా ఉంది.

ప్రపంచ చరిత్ర కూడా ఈ దారినే చూపిస్తుంది, దాని గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో 1909లో వచ్చిన ట్రేడ్ బోర్డుల చట్టం మొదట నాలుగే నాలుగు వృత్తులకు కనీస కూలీ నిర్ణయించింది: గొలుసుల తయారీ, రెడీమేడ్ బట్టలు కుట్టడం, అట్టపెట్టెల తయారీ, లేసు పని. అన్నీ చిన్న గదుల్లో, ఇళ్లలో, మధ్యవర్తుల కింద జరిగే పనులే. బోర్డు ఒక్క రేటు ప్రకటిస్తే అది ఆ వృత్తి మొత్తానికీ వర్తిస్తుంది కాబట్టి, మంచి యజమానిని చెడ్డ యజమాని తక్కువ ధరతో దెబ్బతీయలేడు. అయినా 1910లో క్రాడ్లీ హీత్‌లో గొలుసులు చేసే స్త్రీలు నెలల తరబడి సమ్మె చేస్తే గానీ ఆ రేటు చేతికి రాలేదు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ చొక్కాల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. తలుపుకు తాళం వేసి ఉంది. ఇది వందేళ్ల నాటి మాట అనుకోకండి, 1995లో కాలిఫోర్నియాలోని ఎల్ మాంటేలో ముళ్లకంచె లోపల బందీలుగా కుట్టుపని చేస్తున్న 72 మంది థాయ్ కార్మికులు బయటపడ్డారు. ఆ రాష్ట్రమే 2021లో చేసిన చట్టంలో వస్త్ర పరిశ్రమలో పీసు రేటును దాదాపుగా నిషేధించి, కూలీ ఎగ్గొడితే కాంట్రాక్టరుతో పాటు బట్టల బ్రాండు కూడా చెల్లించాలని రాసింది. సంపన్న దేశమైనా అక్కడికి రావడానికి పాతికేళ్లు పట్టింది.

ఢాకాకు వెళ్తానన్నాను. 2013 ఏప్రిల్ 24న సావర్‌లోని రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడల్లో పగుళ్లు ముందురోజే కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు తన ఉద్యోగులను ఇంటికి పంపింది, పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీలు మాత్రం మరునాడు కార్మికులను లోపలికి రప్పించాయి. బ్యాంకు ఉద్యోగికి, కుట్టుమిషను మనిషికి మధ్య ఉన్న తేడా అంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు. దానికి ఏడు నెలల ముందు, 2012 సెప్టెంబరులో కరాచీలో ఒక బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా మరణించారు. ఆ ఫ్యాక్టరీ కొన్ని వారాల కిందటే కార్మికుల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ సర్టిఫికెట్ సంపాదించింది! కంపెనీలు తమ డబ్బుతో, తాము ఎంచుకున్నవారితో, ముందుగా చెప్పి చేయించుకునే తనిఖీలకు ఎంత విలువో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రానా ప్లాజా తర్వాత కొత్తగా వచ్చిందల్లా సంతకం. 2013 మేలో కార్మిక సంఘాలతో అంతర్జాతీయ బ్రాండ్లు చేసుకున్న భద్రతా ఒప్పందం చట్టపరంగా కట్టుబడవలసిన ఒప్పందం. తనిఖీ స్వతంత్రంగా జరిగింది, నివేదికలు అందరికీ కనిపించాయి, లోపాలు సరిదిద్దని ఫ్యాక్టరీకి సంతకం చేసిన ఏ బ్రాండూ ఆర్డర్ ఇవ్వకూడదు, మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడవలసిన బాధ్యత బ్రాండ్లదే. బంగ్లాదేశ్‌లో కూలీ రేట్లు దాంతో పెరగలేదన్నది నిజం, 2013 ఒప్పందం అగ్నిప్రమాదం, భవన భద్రతకే పరిమితమైంది. మన దగ్గరికి వస్తే, తమిళనాడులోని దిండిగల్‌లో ఒక యువ కార్మికురాలి హత్య తర్వాత, దళిత మహిళల నాయకత్వంలోని తమిళనాడు జౌళి కార్మికుల సంఘం 2022లో ఎగుమతి కంపెనీతోనూ, హెచ్ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ బ్రాండ్లతోనూ ఒప్పందాలు చేసుకుంది. ఫ్యాక్టరీ లోపల వేధింపులను కనిపెట్టడానికి సంఘం శిక్షణ ఇచ్చిన మహిళలే ఉంటారు. యాజమాన్యం మాట తప్పితే బ్రాండ్లు ఆర్డర్లపై చర్య తీసుకోవాలి. ఆడిటర్‌కు చెప్పని మాట పక్క మిషను మీద కూర్చున్న ఆవిడకు చెబుతారు కదా.

ఇక్కడ బహిష్కరణ గురించి ఒక మాట. ఆ గాజులు కొనకండి, ఆ బట్టలు కొనకండి అనే పిలుపు మంచి మనసుతోనే వస్తుంది. 1990ల తొలి ఏళ్లలో బాలకార్మికులు తయారుచేసిన సరుకు దిగుమతిని నిషేధించే బిల్లు అమెరికాలో ప్రతిపాదనకు రాగానే, బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలు వేలాది పిల్లలను రాత్రికి రాత్రి పనిలోంచి తీసేశాయి. వాళ్లు బడికి పోలేదు, రాళ్లు కొట్టడం వంటి ఇంకా అధ్వానమైన పనుల్లో చేరారు. పని మాన్పించేవారు బడినీ, ఇంటికి కూలీనీ కూడా చూపించాలి. లాడ్‌బజార్‌ను బహిష్కరిస్తే ముందుగా పొయ్యి ఆరేది నిజాయితీగా పనిచేసుకునే కారీగరు ఇంట్లోనే.

ప్రస్తుత చట్టాల సంగతి కొంత మిశ్రమంగా ఉంది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌లో నాకు నచ్చిన అంశాలు రెండున్నాయి: కనీస వేతనం ఇప్పుడు షెడ్యూలులో పేరున్న వృత్తులకే కాక అందరికీ వర్తిస్తుంది, కూలీ ఇవ్వలేదని దావా వేస్తే ఇచ్చానని రుజువు చేసుకోవలసింది యజమానే. నష్టం మరో కోడ్‌లో ఉంది. కరెంటు వాడే చోట పదిమంది పనివారుంటే ఫ్యాక్టరీ అనేది పాత చట్టం, ఇప్పుడది ఇరవైకి పెరిగింది. కాంట్రాక్టు కార్మికుల రక్షణకు ఉన్న పరిమితి ఇరవై నుంచి యాభైకి వెళ్లింది. నేను ఇందాక చెప్పిన గదుల్లో ఏ గదిలోనైనా ఇరవై మంది పడతారా? ఎనిమిది మందేసి మూడు గదుల్లో కూర్చోబెట్టడం ఎంతసేపు? ఇక కనీస వేతనాలంటారా, కనీసం ఐదేళ్లకోసారి సవరించాలన్నది చట్టం. 2021 జూన్‌లో ఐదు రకాల ఉపాధులకు కొత్త రేట్లు ప్రకటిస్తూ జీవోలిచ్చిన తెలంగాణ ప్రభుత్వం, వాటిని గెజిట్‌లో అచ్చువేయకుండా వదిలేసింది. అచ్చుకాని జీవోకు కోర్టులో విలువ లేదు.

2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలో తుక్కు గోదాము తగలబడినప్పుడు, పైన పడుకున్న 11 మంది బిహారీ కూలీలు ప్రాణాలు కోల్పోయారు. పని చోటే పడక చోటైతే ఏమవుతుందో చెప్పడానికి కరాచీ దాకా పోనక్కర్లేదు. గదికి రెండో దారి ఉందా, కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఉంది, ట్రేడ్ లైసెన్సు ఎవరి పేరున ఉంది అనే మూడు విషయాలు చూడడానికి కొత్త చట్టం అక్కర్లేదు. బల్దియా, కరెంటు, అగ్నిమాపక, కార్మిక శాఖలు నాలుగూ తమ తమ జాబితాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే చాలు.

చివరిగా గాజుల దగ్గరికే వస్తాను, ఎందుకంటే హైదరాబాద్ చేతిలో ఒక అవకాశం ఉంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. కూలీ పెంచితే పని జైపూర్‌కు పోతుందని వ్యాపారులు ఎప్పుడూ భయపెడుతుంటారు. బట్టల విషయంలో ఆ భయం నిజమే, ఆర్డర్లు దేశాలే దాటుతాయి. కానీ హైదరాబాద్ లక్క గాజు అనే పేరు ఇప్పుడు చట్టప్రకారం జైపూర్‌కు పోలేదు. ఆ పేరుతో అమ్మాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ నమోదు పుస్తకమే మనకు కావలసిన రిజిస్టరుకు పునాది కావచ్చు: ఏ వ్యాపారి ఏ కార్ఖానా నుంచి సరుకు తీసుకుంటున్నాడు, అక్కడ ఎవరు పనిచేస్తున్నారు, సెట్టుకు కూలీ ఎంత అన్నవి అందులో చేరాలి. జీఐ చట్టం సరుకు పుట్టిన చోటునూ, నాణ్యతనూ చూస్తుంది తప్ప కూలీని చూడదు. కాబట్టి ఈ షరతు వ్యాపారులు, కారీగర్లు, కార్మిక శాఖ కూర్చుని చేసుకునే ఒప్పందం ద్వారానే రావాలి. గాజుల పనికి, మగ్గం పనికి వేర్వేరుగా పీసు రేట్లు నిర్ణయించి ప్రకటించమని కనీస వేతనాల సలహా మండలిని అడగాలి. రేటు కట్టేటప్పుడు ఒక సెట్టుకు నిజంగా ఎన్ని గంటలు పడుతుందో కారీగరును కూర్చోబెట్టి గడియారం పెట్టి చూడాలి, వ్యాపారి చెప్పిన లెక్క తీసుకోకూడదు.

ప్రభుత్వం కూడా ధర నిర్ణయించేవారిలో ఒకటన్న సంగతి మరిచిపోవద్దు. బడిపిల్లల యూనిఫాంలు మహిళా సంఘాల సభ్యులు కుడుతున్నారు. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలీని 2024లో 75 చేశారు. పెంచడం మంచిదే. ఒక జత కుట్టడానికి ఎంత సమయం పడుతుంది, ఆ లెక్కన 75 రూపాయలు కనీస వేతనానికి సరిపోతాయా అనే లెక్కను ప్రభుత్వం బయటపెడితే, ప్రైవేటు బొటిక్‌లను అడిగే నైతిక హక్కు దానికి వస్తుంది. తన సొంత కొనుగోళ్లలో ఈ లెక్క చూపించని ప్రభుత్వం మేస్త్రీకి నీతులు చెబితే ఎవరు వింటారు?

ఈ సభలో మగ్గం పనివారు, వారి సంఘాల మిత్రులు ఉన్నారని తెలిసింది. మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. కూలీ బకాయిల దావాకు మూడేళ్ల గడువుంది, సంఘం కూడా మీ తరఫున వేయవచ్చు. మీ పేరు రిజిస్టరులో లేదని దిగులు పడకండి. మేస్త్రీ వాట్సాప్‌లో పంపిన డిజైన్, ఇంతకు చేసిపెట్టమని చెప్పిన వాయిస్ మెసేజ్, గుడ్డకు పిన్ను పెట్టి పంపిన బొటిక్ చీటీ, ఫోన్‌పేలో వచ్చిన అరకొర డబ్బు, వీటిలో దేన్నీ చెరిపేయవద్దు. బొటిక్ పేరున్న చీటీని మాత్రం తప్పనిసరిగా ఫోటో తీసి పెట్టుకోండి, మేస్త్రీ మీద వేసే దావాలో ఆ బొటిక్‌ను కూడా ప్రతివాదిగా చేర్చాలంటే మనకున్న ఆధారం ఎక్కువసార్లు అదొక్కటే. కార్మిక శాఖ కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని అంజయ్య భవన్‌లో ఉంది, దరఖాస్తు తెలుగులోనో ఉర్దూలోనో రాసినా సరిపోతుంది. పిల్లలు పనిచేస్తున్న చోటు మీకు తెలిస్తే 1098కి ఫోన్ చేయండి, ఆ గదిలోంచి సరుకు ఏ దుకాణానికి వెళ్తోందో కూడా ఆ ఫోన్లోనే చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. వెనుక వరుసలో కూర్చున్న కారీగర్లు ముందుగా అడిగితే బాగుంటుంది.